ఈ సెలవుల్లో ముందు ఇంటి గోడ చూడండి



"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అని సామెత. పెళ్ళి సంగతి మనకిప్పుడు అక్కర్లేదు గాని ఇంటి సంగతి మాత్రం మనదే. ఏప్రిల్ నెలాఖరుకి బడి మూసేస్తారు. పెట్టెలు సర్దుకుని ఎవరి ఊరికి వాళ్ళం పోతాం. జూన్‌లో మళ్ళీ వచ్చేసరికి తొలకరి పడుతుంది. మధ్యలో ఉన్న ఆ ఆరు వారాలే మట్టి ఇల్లు బాగుచేసుకోడానికి అదును. ఇటుకల పండగ అయ్యాక పెద్దవాళ్ళకి కూడా కాస్త తీరిక ఉంటుంది. అందుకే ఈ పాఠం ఇప్పుడు రాస్తున్నాను. వార్డెన్ మేడమ్ గారు చదివి, "బొమ్మలు కూడా వెయ్యి" అన్నారు. బొమ్మలు పక్క కాగితం మీద ఉన్నాయి.

ఎందుకు రాస్తున్నానో ముందు చెప్తాను

మాది మట్టిగోడల పెంకుటిల్లు. నిరుడు ఆగస్టు వానల్లో ఒక రాత్రి మా ఇంటి వెనక గోడ పడిపోయింది. ఆ గోడ వారనే మా నాయనమ్మ చాప వేసుకుని పడుకుంటుంది. ఆ రాత్రి మేక ఈనుతోందని ఆమె పాకలోకి వెళ్ళి కూర్చుంది. అందుకే బతికింది. నేను అప్పుడు ఇక్కడ హాస్టల్లో ఉన్నాను. మూడు రోజుల తరవాత మావయ్య వచ్చి చెప్పాడు.

ఆ వేసవి సెలవుల్లోనే నేను ఆ గోడ చూశాను. నడిమిన పొట్ట పెట్టింది. చాప గోడకి ఆనించబోతే సరిగ్గా ఆనలేదు. అడుగున సిమెంటు పెచ్చు ఊడి లోపల మట్టి తడిగా ఉంది. చూసి కూడా, "పెద్దవాళ్ళు ఉన్నారు గదా, నాకెందుకు" అనుకుని ఊరుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. ఆ మాట ఇప్పటికీ నన్ను పొడుస్తూనే ఉంది.

దసరా సెలవుల్లో, సంక్రాంతి సెలవుల్లో ఆ గోడ మళ్ళీ పెట్టాం. నాయనమ్మ చెప్తే నాన్న, అమ్మ, నేను చేశాం. లెక్కల పాఠం, సైన్సు పాఠం రెండూ ఆ పనిలో అక్కరకొచ్చాయి. నేను నేర్చుకున్నది మీకు చెప్తున్నాను.

1. గోడకి శత్రువు నీళ్ళే

మట్టిగోడ బలహీనమైనది అని చాలామంది అనుకుంటారు. అది తప్పు. పొడిగా ఉన్నంతకాలం మట్టిగోడ తాతల కాలం నుంచి మనవల కాలం దాకా నిలబడుతుంది. తడిస్తే మాత్రం మెత్తబడి తన బరువుకి తనే కూలిపోతుంది. కాబట్టి మట్టి ఇంటి మరమ్మతు అంటే ఒకటే పని: నీళ్ళని గోడ దగ్గరికి రానివ్వకపోవడం, వచ్చిన నీళ్ళని బయటికి పోనివ్వడం.

నీళ్ళు గోడలోకి నాలుగు దారుల్లో వస్తాయి.

మొదటి దారి పైనించి. పెంకు పగిలినా, పక్కకి జరిగినా, గడ్డి కుళ్ళినా చినుకు నేరుగా గోడ నెత్తిన పడుతుంది.

రెండో దారి పక్కనించి. చూరు నుంచి పడే నీళ్ళు నేలకి తగిలి ఎగిరి గోడ అడుగుని కొడతాయి. అందుకే ఏ ఇంటికైనా గోడ అడుగు మూరెడు ఎత్తు దాకానే ముందు కొరుక్కుపోతుంది. మీ ఇంటి దగ్గర చూడండి.

మూడో దారి కిందనించి. ఇది కంటికి కనబడదు. ఒక చాక్‌పీసు తీసుకుని దాని కొస మాత్రం ఇంకులో ముంచి నిలబెట్టండి. కాసేపటికి ఇంకు పైకి ఎక్కుతుంది. దీన్నే కేశనాళికీయత అంటారు. మట్టిలో సన్నటి సందులు ఉంటాయి. గోడ పక్కన నీళ్ళు నిలిస్తే ఆ సందుల్లోంచి తడి పైకి పాకుతుంది.

నాలుగో దారి మనం చేసే పనులు. గోడ వారన స్నానం చెయ్యడం, అంట్లు తోమడం, నీళ్ళ కుండ గోడకి ఆనించి పెట్టడం.

మరి మా గోడ ఎందుకు పడింది? మా గోడ అడుగు కొరుక్కుపోయిందని రెండేళ్ళ కిందట ఒక మేస్త్రీ సిమెంటు పూత వేశాడు. చూడ్డానికి గట్టిగా, అందంగా ఉంది. కాని సిమెంటు పూత ఊపిరి తీసుకోదు. కిందనించి ఎక్కిన తడి ఇదివరకు మట్టిపూతలోంచి గాలికి ఆరిపోయేది. సిమెంటు వేశాక బయటికి దారి లేదు. లోపలే ఉండిపోయి గోడ అడుగుని నానబెట్టింది. పైగా మట్టి తడికి ఉబ్బుతుంది, ఎండకి కుంచించుకుపోతుంది. సిమెంటు అలా సాగదు. అందుకని రెండూ విడిపోయి మధ్యలో సందు పడింది. ఆ సందులోకి వాన నీళ్ళు దిగాయి. బయట నుంచి చూస్తే గోడ బాగానే ఉంది, లోపల అడుసు అయిపోయింది. "గోడకి గోనెసంచి కట్టి ముక్కు మూసేశారు" అంది నాయనమ్మ.

సిమెంటు చెడ్డదని కాదు. పునాదికి, గచ్చుకి, నీళ్ళ తొట్టికి అది మంచిదే. మట్టిగోడకి చొక్కాలాగ తొడగకూడదు, అంతే.

2. ఇంట్లో ఉన్న వాటితో పనిముట్లు

కొనాల్సినవి తక్కువ. పార, గడ్డపార, తట్ట, కత్తి మన ఇళ్ళల్లో ఉంటాయి. తాపీ ఒకటి ఉంటే మంచిది, లేకపోతే చేతులే తాపీలు. ఇవి కాక మూడు పనిముట్లు మనమే చేసుకోవచ్చు.

గుండు దారం: గట్టి దారం చివర ఒక బరువు కట్టండి. ఇనప నట్టు అయినా సరే, గుండ్రాయి అయినా సరే. భూమి దాన్ని తిన్నగా కిందికి లాగుతుంది కాబట్టి దారం ఎప్పుడూ నిలువుగానే ఉంటుంది. గోడ పైభాగాన ఒక పుల్ల గుచ్చి, గోడ నుంచి 4 అంగుళాల దూరంలో దారం వేలాడేటట్టు కట్టండి. ఊగడం ఆగాక గోడకి, దారానికి మధ్య దూరం పైన, నడిమిన, అడుగున స్కేలుతో కొలవండి. మూడు చోట్లా 4 అంగుళాలు వస్తే గోడ నిలువుగా ఉన్నట్టు. పైన 4, నడిమిన 3, అడుగున 4 వస్తే గోడ నడిమిన అంగుళం పొట్ట పెట్టినట్టు. పైనించి కిందికి వరసగా పెరుగుతూ ఉంటే గోడ మీ వైపుకి ఒరిగినట్టు. గాలి లేనప్పుడు కొలవాలి. కొన్ని గోడలు అడుగున లావుగా, పైన సన్నగా కడతారు. అలాంటి గోడకి లోపలి వైపు, బయటి వైపు రెండు పక్కలా కొలిస్తేనే సంగతి తెలుస్తుంది.

లెవెల్ పైపు: మేస్త్రీల దగ్గర చూసే ఉంటారు. లోపలి నీళ్ళు కనబడే సన్నటి ప్లాస్టిక్ పైపు పది మీటర్లు చాలు. అందులో నీళ్ళు నింపి, రెండు చుక్కల ఇంకు కలపండి. లోపల గాలి బుడగ ఉండకూడదు. రెండు కొసలూ తెరిచి పట్టుకుంటే రెండు పక్కలా నీటి మట్టం ఒకటే ఎత్తులో ఉంటుంది. మధ్యలో గోడ అడ్డం ఉన్నా, కొసలు కంటికి కనబడకపోయినా సరే. ఒక చోటి నుంచి ఇంకో చోటికి మోసేటప్పుడు రెండు కొసలూ బొటనవేలితో మూయాలి. లేకపోతే నీళ్ళు పోయి కొలత తప్పుతుంది. పోయిన నెల ఒక శనివారం మేము ముగ్గురం మన హాస్టలు వసారాలో ఇలా కొలిచాం. రెండో గది ముందు గచ్చు 2 సెంటీమీటర్లు పల్లంగా ఉంది. వాన కురిసిన ప్రతిసారీ అక్కడే ఎందుకు నీళ్ళు నిలుస్తాయో తెలిసిపోయింది.

మూడు నాలుగు అయిదు తాడు: పైథాగరస్ సిద్ధాంతం మార్కుల కోసం చదివాం గదా, ఇది దాని అసలు పని. 3 వర్గం 9, 4 వర్గం 16, కలిపితే 25, అంటే 5 వర్గం. గోడ మూల నుంచి ఒక పక్క 3 అడుగులకి, రెండో పక్క 4 అడుగులకి గుర్తు పెట్టండి. ఆ రెండు గుర్తుల మధ్య సరిగ్గా 5 అడుగులు వస్తే మూల మట్టం కుదిరినట్టు. పెద్ద గదికి 6, 8, 10 అడుగులు తీసుకుంటే తప్పు తక్కువ వస్తుంది. ముగ్గు పోసి నాలుగు మూలలూ గుర్తు పెట్టాక ఎదురెదురు మూలల మధ్య కర్ణాలు రెండూ కొలవండి. ఎదురు గోడలు సమానమై, కర్ణాలు కూడా సమానమైతే గది దీర్ఘచతురస్రమే.

3. మొదటి రోజు పని: ఇంటి చుట్టూ తిరగడం

సెలవులకి వెళ్ళిన మొదటి రోజే ఒక నోటుబుక్కు, పెన్సిలు పట్టుకుని ఇంటి చుట్టూ తిరగండి. చూసినదల్లా రాయండి. ఏం చూడాలంటే:

గోడని వేలి కణుపుతో తట్టండి. గట్టి చప్పుడు వస్తే పూత అతుక్కుని ఉంది. డొల్ల చప్పుడు వస్తే పూత విడిపోయింది, అక్కడ గీసి గుర్తు పెట్టండి.

పగుళ్ళు చూడండి. పూత మీద వెంట్రుక మందాన ఉన్న సన్న పగుళ్ళకి భయం లేదు. మూలల దగ్గర, గుమ్మం పైన, దూలం ఆనిన చోట లోతుగా దిగిన పగులుకి భయపడాలి. పగులు ఆగిపోయిందా, ఇంకా పెరుగుతోందా అన్నది ఎలా తెలుస్తుంది? పగులుకి అడ్డంగా ఒక కాగితం ముక్క గట్టి జిగురుతో రెండు పక్కలా అంటించి, దాని మీద తేదీ వెయ్యండి. నాలుగు వారాల్లో ఆ కాగితం చిరిగితే గోడ కదులుతున్నట్టు. పగులు రెండు కొసల దగ్గర కూడా పెన్సిలు గీత గీసి తేదీ వేస్తే పొడుగు పెరిగిందీ లేనిదీ తెలుస్తుంది.

కర్రలు చూడండి. దూలం, వాసాలు, నిట్రాడ మొదలు కత్తి కొసతో పొడవండి. సులువుగా దిగిపోతే లోపల పుచ్చినట్టు. గోడ మీద సన్నటి మట్టి దారులు పైకి పోతుంటే అవి చెదలు. ఆ దారులు గీకేసి, మళ్ళీ వస్తున్నాయో లేదో వారం తరవాత చూడండి.

ముఖ్యమైన మాట: గోడ పొట్ట పెట్టి, లోతు పగులు కూడా ఉంటే అది పిల్లల పని కాదు. వెంటనే పెద్దవాళ్ళకి చెప్పండి. ఆ గోడ వారన ఎవరినీ పడుకోనివ్వకండి. మేకల్ని కూడా కట్టనివ్వకండి. "చిన్నపిల్లవి నీకేం తెలుసు" అంటే గుండు దారం పట్టి కొలిచి చూపించండి. కొలత చూపిస్తే పెద్దవాళ్ళు వింటారు. నేను చెయ్యనిది ఇదే.

4. మట్టి పరీక్ష

అన్ని మట్లూ గోడకి పనికిరావు. నల్లరేగడి తడికి బాగా ఉబ్బి, ఎండకి నెర్రెలు విచ్చుతుంది. ఉత్త ఇసకమన్ను రాలిపోతుంది. బంకమన్ను జిగురులాగ, ఇసక ఎముకలాగ పని చేస్తాయి. రెండూ తగుపాళ్ళలో ఉండాలి. పైమట్టిలో వేళ్ళు, ఆకులు ఉంటాయి కాబట్టి ఒక అడుగు తీసేసి కింద మట్టి తవ్వాలి.

సీసా పరీక్ష: లీటరు సీసాలో మూడో వంతు మట్టి, మిగతా నీళ్ళు, చిటికెడు ఉప్పు వేసి బాగా కుదిపి కదలకుండా పెట్టండి. ముందు ఇసక నిమిషం రెండు నిమిషాల్లో అడుక్కి చేరుతుంది. దాని మీద ఒండ్రు, ఆ పైన బంకమన్ను మెల్లగా దిగుతాయి. మర్నాటికి వరసలు తేటగా కనబడతాయి. స్కేలు పెట్టి కొలవండి. మా ఎర్రమన్ను మొత్తం 9 సెంటీమీటర్లు వస్తే అందులో ఇసక 6, ఒండ్రు ఒకటిన్నర, బంక ఒకటిన్నర వచ్చింది. ఇది బాగా పనికొచ్చింది. నీళ్ళలో బంకమన్ను ఉబ్బి ఉంటుంది కాబట్టి ఈ కొలత ఉజ్జాయింపు అని గుర్తుంచుకోండి.

ఉండ పరీక్ష: తడిమట్టి నిమ్మకాయంత ఉండ చేసి నడుము ఎత్తు నుంచి గట్టి నేల మీద వదలండి. పొడిపొడిగా చెదిరితే ఇసక ఎక్కువ. చపాతీలాగ అణిగి పగలకపోతే బంక ఎక్కువ లేదా నీళ్ళు ఎక్కువ. రెండు మూడు పెద్ద ముక్కలైతే సరి.

నాయనమ్మకి సీసా అక్కర్లేదు. చిటికెడు తడిమట్టి వేళ్ళ మధ్య నలిపి, చెవి దగ్గర పెట్టుకుని కరకర వింటుంది. "ఇందులో రెండు తట్టల ఇసక కలపాలి" అంటుంది. ఆమె చెప్పినదే సీసాలో కూడా వచ్చింది. మా సైన్సు సారు ఈ సంగతి విని, "మీ నాయనమ్మ ప్రయోగశాల వేళ్ళల్లోనే ఉంది" అన్నారు.

మచ్చ పరీక్ష: అన్నిటికంటె ఇది నమ్మకమైనది. మట్టి ఒక పాలు ఇసక ఒక పాలు, మట్టి ఒకటి ఇసక రెండు, మట్టి ఒకటి ఇసక మూడు అని మూడు రకాలు కలిపి గోడ మీద జానెడేసి మచ్చలు పూయండి. ఏది ఎంతో పక్కన రాయండి. బాగా ఆరాక చూడండి. పగిలినదాంట్లో బంక ఎక్కువ. రుద్దితే రాలినదాంట్లో ఇసక ఎక్కువ. పగలనిది, రాలనిది ఏదో అదే మీ గోడకి పాళ్ళు.

5. మరమ్మతు చేసే వరస

మట్టి ముగ్గబెట్టడం: జల్లెడ పట్టిన మట్టి, ఇసక, వేలెడు పొడుగు తుంపిన వరిగడ్డి కలిపి నీళ్ళు పోసి గుంటలో వారం రోజులు నానబెట్టాలి. రోజూ ఒకసారి తొక్కాలి. తొక్కే ముందు ముళ్ళు, గాజు పెంకులు ఉన్నాయేమో చేత్తో కెలికి చూడండి. గడ్డి ఎందుకంటే అది మట్టిని పట్టి ఉంచి పగుళ్ళు రానివ్వదు.

పగులు పూడ్చడం: పగులు మీద ఊరికే మట్టి రాస్తే వారానికి ఊడుతుంది. పగులుని కత్తితో కాస్త వెడల్పు చేసి, లోపలి దుమ్ము చీపురుతో దులిపి, నీళ్ళు చిలకరించాలి. తరవాత గట్టి ముద్ద లోపలికంటా కూరాలి. లోతు ఎక్కువైతే ఒకే రోజు నింపకుండా రెండు విడతలుగా నింపాలి.

గోడ అడుగు: కొరుక్కుపోయిన చోట వదులు మట్టి గీకి, రాళ్ళు, గట్టి మట్టి పెట్టి నింపాలి. ఒకేసారి గోడ పొడుగునా తవ్వకూడదు. రెండు అడుగులు తవ్వి, నింపి, ఆరాక ఇంకో రెండు అడుగులు. లేకపోతే గోడ కూచుంటుంది. ఈ పని పెద్దవాళ్ళు పక్కనుండగానే చెయ్యాలి.

గోడ మళ్ళీ పెట్టడం: మాది పూర్తిగా పడిపోయింది కాబట్టి అడుగున నేల మీదకి అడుగున్నర ఎత్తు రాతికట్టు కట్టాం. దాని మీద మట్టి వరసలు పెట్టాం. ఒక వరస మూరెడు ఎత్తుకి మించకూడదు. కింది వరస గట్టిపడ్డాకే పై వరస పెట్టాలి. తొందరపడితే అడుగున ఉబ్బి పొట్ట పెడుతుంది. పాత గోడ అంచుని మెట్లు మెట్లుగా కోసి కొత్త మట్టిని అందులోకి కలిపితే అతుకు విడిపోదు. ప్రతి వరసకీ గుండు దారం పట్టుకోవడం నా పని.

పూత: రెండు విడతలు. మొదటి పూత గడ్డి ఎక్కువగా, ముతకగా. గోడని తడిపి, కింద నుంచి పైకి గట్టిగా అదిమి రాయాలి. ఆరి సన్న పగుళ్ళు వచ్చినా పరవాలేదు, రెండో పూత వాటిని పట్టుకుంటుంది. రెండో పూత సన్నటి మట్టి, పేడ, ఊక కలిపి పల్చగా. ఎండ నేరుగా కొడితే తొందరగా ఆరి పగులుతుంది, కాబట్టి గోనెపట్టాలు అడ్డం కట్టండి. ఈ పనిలో మన అమ్మల చేతులకి సాటి లేదు. అలకడం ఆడవాళ్ళ పని అని మగపిల్లలు తప్పించుకోకండి. గోడ పడితే అందరి మీదా పడుతుంది.

సున్నం: పూత ఆరాక సున్నం వేస్తే గోడకి మెరుపు, కాస్త రక్షణ. సున్నపురాయి కాలిస్తే వచ్చే పొడి సున్నం నీళ్ళతో కలిస్తే సలసల కాగుతుంది. గాలిలోని కార్బన్ డయాక్సైడుతో కలిసి మళ్ళీ సున్నపురాయిగా మారుతుంది. పదో తరగతి పాఠంలో ఉన్న కాల్షియం కార్బనేటు ఇదే. సిమెంటులాగ కాదు, సున్నం పూత తడిని బయటికి పోనిస్తుంది.

కప్పు: పెంకులు ఎప్పుడూ చూరు నుంచి పైకి పేర్చుకుంటూ పోవాలి. పై పెంకు కింది పెంకు మీదకి రావాలి. చూరు గోడకి కనీసం రెండు అడుగులు ముందుకి ఉంటే గోడ తడవదు. గడ్డి ఇంటికి వాలు ఎక్కువ ఉండాలి. ఎంత అడ్డమో అంత ఎత్తు, అంటే 45 డిగ్రీలు ఉంటే నీళ్ళు గడ్డిలో నిలవవు. రేకుల ఇల్లైతే రేకు మడత పైభాగంలోనే బోల్టు వెయ్యాలి, పల్లంలో వేస్తే అక్కణ్ణించే కారుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు మన మన్యం దాకా గాలి వీచింది. అప్పుడు రేకులు కాగితాల్లాగ ఎగిరాయని మా నాన్న చెప్తాడు. రేకు అంచులు గట్టిగా బిగించాలి, వాసాలు గోడకి, నిట్రాడకి కట్టి ఉండాలి.

నీళ్ళకి దారి: చివరిది, అన్నిటికంటె చవకైనది. ఇంటి చుట్టూ నేల గోడ నుంచి బయటికి వాలుగా ఉండాలి. అయిదు అడుగుల దూరానికి మూడు అంగుళాలు పల్లం చాలు. లెవెల్ పైపు పెట్టి కొలవండి. చూరు నీళ్ళు పడే చోట చిన్న కాలవ తీసి, గులకరాళ్ళు పరిస్తే నీళ్ళు ఎగరవు. అంట్ల చోటు గోడకి దూరంగా మార్చండి. మాకు దీనికి ఒక్క రూపాయి కూడా కాలేదు.

6. జాగ్రత్తలు

సున్నం కలిపేటప్పుడు నీళ్ళలో సున్నం కొంచెం కొంచెంగా వెయ్యాలి, సున్నం మీద నీళ్ళు పొయ్యకూడదు. ప్లాస్టిక్ బకెట్టులో కలపకండి. ఇది పెద్దవాళ్ళ పని. కంట్లో పడితే నలపకుండా ఎక్కువసేపు మంచినీళ్ళతో కడుగుతూ వెంటనే ఆసుపత్రికి పోవాలి.

నిచ్చెన 4 అడుగుల ఎత్తుకి ఒక అడుగు దూరం లెక్కన వాలించాలి. కింద ఒకరు పట్టుకోవాలి. పెంకుల మీద నేరుగా అడుగు వెయ్యకుండా వాసాల మీద బల్ల వేసుకోవాలి.

పాత పెంకుల కుప్పలో, గోడ బొరియల్లో తేళ్ళు, పాములు ఉంటాయి. చెయ్యి పెట్టే ముందు కర్రతో కదపండి. గోడ మీద కరెంటు తీగ ఉంటే మెయిన్ ఆపకుండా తడి పని మొదలుపెట్టకండి.

7. సిమెంటు ఇల్లు వస్తుంది గదా?

ఇది చదివి మా స్నేహితురాలు అడిగింది: "ప్రభుత్వం వాళ్ళు సిమెంటు ఇళ్ళు ఇస్తున్నారు. ఇంక మట్టి గురించి ఎందుకు?" మంచి ప్రశ్నే. వస్తే తీసుకుందాం. కాని ఆ ఇంటికి కూడా గుండు దారం, లెవెల్ పైపు, కర్ణాల లెక్క ఇవే. పైగా కొత్త కాంక్రీటుకి, సిమెంటు పూతకి నీళ్ళు కట్టి తడిగా ఉంచాలి. కనీసం 7 రోజులు, ఎండాకాలంలో 10 నుంచి 14 రోజులు. సిమెంటు గట్టిపడేది ఆరడం వల్ల కాదు, నీళ్ళతో కలిసి జరిగే రసాయన చర్య వల్ల. ఇది తెలిసిన పిల్ల ఇంట్లో ఉంటే రోజూ పొద్దున, సాయంత్రం నీళ్ళు కొడుతుంది. ఆ ఇల్లు గట్టిగా ఉంటుంది.

ఇంకో సంగతి. లారీ బేకర్ అనే భవన శిల్పి 1917లో ఇంగ్లండులో పుట్టి, మన దేశం వచ్చి, కేరళలో స్థిరపడ్డారు. పల్లెల్లో జనం తమ దగ్గర దొరికే వాటితో కట్టుకునే పద్ధతుల్ని శ్రద్ధగా నేర్చుకుని, తక్కువ ఖర్చుతో ఎన్నో ఇళ్ళు కట్టారు. 1990లో పద్మశ్రీ వచ్చింది. 2007లో పోయారు. అంత చదువుకున్నాయన మన నాయనమ్మల లాంటి వాళ్ళ దగ్గర నేర్చుకున్నాడంటే, మట్టి ఇంట్లో పుట్టామని మనం చిన్నబోవక్కర్లేదు.

8. సెలవుల్లో చెయ్యాల్సినవి

మొదటి వారం: ఇంటి చుట్టూ తిరిగి రాయడం, కాగితాలు అంటించడం, మట్టి పరీక్ష.
రెండో వారం: మట్టి ముగ్గబెట్టడం, పెంకులు సర్దడం.
మూడు, నాలుగు వారాలు: పగుళ్ళు, గోడ అడుగు, మొదటి పూత.
అయిదో వారం: రెండో పూత, సున్నం.
ఆరో వారం: కాలవ. కాగితాలు చిరిగాయా లేదా చూసుకోవడం.

బుర్రకి పని

ఒకటి: గుండు దారం పైన 4, నడిమిన 4, అడుగున 6 అంగుళాలు చూపిస్తే గోడ సంగతేమిటి?
రెండు: గది పొడవు 12 అడుగులు, వెడల్పు 9 అడుగులు. కర్ణం ఎంత రావాలి?
మూడు: చాక్‌పీసుకి నూనె రాసి ఇంకులో నిలబెడితే ఏమవుతుంది? చేసి చూసి రాయండి.

జవాబులు కాగితం మీద రాసి గోడ పత్రిక పెట్టెలో వెయ్యండి. వచ్చే సంచికలో పేర్లు వేస్తాం.

మా ఇంటి కొత్త గోడ మీద గుమ్మం పక్కన ఒక పెన్సిలు గీత ఉంది. దాని పక్కన సంక్రాంతి నాటి తేదీ, మూడు కొలతలు రాసి ఉన్నాయి. ఇంటికి వెళ్ళగానే పుస్తకాల పెట్టె దింపి ముందు ఆ కొలతలు మళ్ళీ తీస్తాను. నాయనమ్మ మళ్ళీ అక్కడే చాప వేసుకుంటోంది.

ఇట్లు,
మీ తోటి విద్యార్థిని,
తొమ్మిదో తరగతి